తొమ్మిది నిమిషాల పలకరింపు

రోహిణి కార్తె, రెండో రోజు

పొద్దున ఫ్యాన్ల జల్లెడలు దులిపితే గుప్పెడు సున్నపు దుమ్ము రాలింది. పెద్ద సొరంగంలో గాలి మందగించింది. బయట రోళ్ళు పగిలే ఎండ కాస్తోందన్నమాట. సత్రంలో అతిథులు ఇరవై ముగ్గురూ క్షేమం. ఫిర్యాదు ఒకటే. హార్మోనియం పంతులుగారికి గదిలో చలిగా ఉందట. ఒళ్ళు వదిలేసి పదేళ్ళయిన మనిషికి చలేమిటని అడగబోయి, నోరు మూసుకుని, ఆయన కిటికీలో ఎండ కాస్త పెంచాను.

నా తర్వాత ఈ పుస్తకం పట్టేవాళ్ళకు ఒక మాట. నా పేరు సుంకమ్మ. యాభై ఎనిమిదేళ్ళు. ఈ నాపరాతి గుహల్లో సత్రం చూసుకునే పని ఇరవై ఏళ్ళుగా నాది. సత్రం ఒక పెద్ద మెషిన్, ఒళ్ళు వదిలేసినవాళ్ళ మనసులే అందులో అతిథులు, ఒక్కో అతిథికి ఒక్కో గది అని మీకు చెప్పే ఉంటారు. చెప్పనిది ఇది: గదిలో వాళ్ళు చూసే కిటికీ, తట్టే తలుపు, తాగే కాఫీ అన్నీ సత్రం పుట్టించినవే. నిజమైన వస్తువు ఒక్కటి కూడా వాళ్ళకు తగలదు. బయటి నుంచి ఏం పోవాలన్నా సత్రం చేతుల మీదుగానే పోవాలి. ఇన్నేళ్ళలో దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు.

నిన్న బండ్ల మీద ఒక ఇనుప పెట్టె వచ్చింది. పాడుబడ్డ పట్నంలో కంటి ఆసుపత్రి నేలమాళిగలో దొరికిందట. తెరిస్తే రెండు ఉక్కు చేతులు. చిటికెన వేలు అగ్గిపుల్లంత. మణికట్టు మీద చిన్న కటకం, అదే వాటికి కన్ను. అడుగున, సీలు తియ్యని పొట్లాల్లో మూడు అద్దపు బిళ్ళలు, కంట్లో పెట్టేవి.

విత్తనాల గది చూసుకునే చౌడక్కకు ఎడమకన్ను చిన్ననాడే తుమ్మముల్లు గుచ్చుకుని పోయింది. ఉన్న ఒక్క కుడికంట్లో ఇప్పుడు శుక్లం ముదిరింది. పోయినేడాది కొర్రల్లో గడ్డిగింజ కలిసినా ఆమెకు కనిపించలేదు. సగం చేను గడ్డే మొలిచింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అననందుకే ఆమె ఎక్కువ కుమిలింది. నలభై ఏళ్ళుగా నన్ను ఆటపట్టించిన మనిషి ఇప్పుడు ఎదురైనా నవ్వదు.

పన్నెండో గది అతిథి డాక్టర్ ఫక్రుద్దీన్ గారు కంటి వైద్యుడు. మా దగ్గరికొచ్చి పదహారేళ్ళు. ఇప్పుడు చేతులున్నాయి, చేతులు లేని డాక్టరున్నాడు, చూపు పోతున్న మనిషి ఉంది. ముగ్గురినీ కలపడం నా పని. మృగశిర కార్తె వచ్చి, చినుకు పడి, విత్తనాలు తీసేలోపల కలపాలి.


రోహిణి కార్తె, నాలుగో రోజు

చేతుల కార్డును సత్రం మూడో స్లాట్‌లో దిగ్గొట్టాను. మిగతా స్లాట్లను చెమ్మ తినేసింది. బతికున్నవి మూడూ నాలుగూ మాత్రమే, నాలుగో దాంట్లో ముందే ఒక కార్డు ఉంది.

సారుకు పరీక్షగా ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, ఇచ్చాం. ఎర్రగడ్డ పొరకూ పొరకూ నడుమ ఒక పలచని తెర ఉంటుంది. అది చిరగకుండా ఒలిస్తే కంటి లోపలి పొరను తాకవచ్చునట. సారు వేళ్ళు కదిలించమంటే సత్రం వింటుంది, విని చేతులకు చెబుతుంది. చేతులకు తగిలింది మళ్ళీ సత్రం విని సారుకు చెబుతుంది. ఎంత బిన్నా, ఎంత తొందరగా చెప్పినా నడిమి మనిషి నడిమి మనిషే.

"నా చెయ్యి నాకంటే వెనకొస్తాంది సుంకమ్మా," అన్నాడు సారు స్పీకర్లో. "తెర చిరిగినాక చిరుగుతాందని తెలుస్తాంది నాకు."

పదకొండు ఎర్రగడ్డలు చిరిగాయి. ఆ పూట గుహంతా ఎర్రగడ్డ పులుసే.


రోహిణి కార్తె, ఐదో రోజు

నడిమి మనిషిని తప్పించాలి. చేతులను సత్రం మొత్తంగా వదిలేసి, నేరుగా పన్నెండో గదికి అప్పజెప్పాలి.

సత్రానికి పెత్తనం ఎక్కువ. నిద్రలేవగానే కంటబడ్డ ప్రతి కార్డునూ నాదంటే నాదని పట్టేసుకుంటుంది, అత్తగారు తాళాలగుత్తి పట్టినట్టు. పట్టుకున్నాక లాక్కుంటే ఇవ్వదు. అది లేవకముందే చెప్పాలి. అందుకని అతిథులందరినీ నిద్రపుచ్చి, సత్రాన్ని ఆపి, అది లేస్తూ చదువుకునే మొదటి పట్టీలో రాశాను: మూడో స్లాట్ నీది కాదు, ముట్టుకోకు. ఆపి లేపేసరికి సగం రోజు పట్టింది.

లేచింది. ముట్టుకోలేదు. చేతులు పన్నెండో గదికి పోయాయి.

ఉక్కు వేళ్ళు రెండుసార్లు ముడుచుకుని విచ్చుకున్నాయి. నాపరాతి బల్ల మీద అరచేయి ఆనించి చాలాసేపు అలాగే ఉంచాడు సారు. పాడైందేమో అనుకున్నాను.

"రాయి సల్లగుంది సుంకమ్మా," అన్నాడు.

పదహారేళ్ళలో ఆయనకు తగిలిన మొదటి నిజమైన వస్తువు అది. ఎర్రగడ్డ ఘాటని చెప్పి ముక్కు చీదుకున్నాను.

మొదటి గడ్డకే తెర మొత్తం, చిన్న చిరుగు లేకుండా, ఊడి వచ్చింది. రెండోదీ అంతే. మూడో గడ్డ మీద పని సగంలో ఉండగా వేళ్ళు ఉన్నట్టుండి తెరుచుకున్నాయి. రెండు చేతులూ పక్కకు ఊగిపోయి, తమ మొదటి చోటికి వెళ్ళి నిలబడ్డాయి. నాలుగు సెకండ్ల తర్వాత మళ్ళీ సారు వశమయ్యాయి. కత్తి గోడకు తగిలి కింద పడింది.

అది కన్నయితే ఏమయ్యేదో ముగ్గురం పైకి అనలేదు. మూడో మనిషి చౌడక్క, మూల కూర్చుని ఉంది.


రోహిణి కార్తె, ఏడో రోజు

రెండు రోజులు ఆ నాలుగు సెకండ్ల వెంటపడ్డాను. కేబుల్ మార్చాను. కార్డు వేడెక్కిందని చుట్టూ తడి గోనె కట్టాను. చేతులకు వేరే బ్యాటరీ పెట్టాను. ఏం మారలేదు.

గుహ పెద్ద తిమ్మప్ప వచ్చి తొంగి చూశాడు. "సారుకే వణుకుతాందేమో. ముసలోడు గదా."

"వణికేదానికి ఆయన కాడ నరాలుండాయా అప్పా?" అన్నాను. తిమ్మప్ప మంచివాడే, కాని తెలియనిచోట కూడా తెలిసినట్టే మాట్లాడతాడు.

కారణం ఈరోజు దొరికింది. ఒలిచిన తెరలు లెక్కపెడుతూ తల ఎత్తాను. చేతులు ఊగిపోయాయి. సరిగ్గా అప్పుడే బోర్డు మీద పలకరింపు దీపం పన్నెండో పేరు దగ్గర వెలిగి ఆరింది. గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిది నిమిషాలకు మళ్ళీ దీపం, మళ్ళీ ఊగు. ఇంకో తొమ్మిదికి మళ్ళీ. పన్నెండేళ్ళుగా ఆ దీపం నా కళ్ళెదుటే వెలుగుతోంది. వెలగడం మానితే ఉలిక్కిపడతాను గాని, వెలిగితే చూడను.

ఆ పలకరింపు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో రాయాలి, తప్పదు.

మా సొరంగాల్లో మలుపు దగ్గర ఎవరెదురైనా "ఉండావా?" అంటాం. అవతలివాళ్ళు "ఉండా" అంటారు. మలుపు దగ్గర చిన్నా పెద్దా లేదు, అందరికీ ఒకటే మాట. కప్పులు కూలిన రోజుల్లో మొదలైన ఆచారం ఇది. బదులు రాకపోతే గడ్డపార తీసుకుని పరిగెత్తాలి. ఆ మాట వల్ల బతికినవాళ్ళు ఇప్పటికీ మాలో ఉన్నారు.

పన్నెండేళ్ళ కింద ఒకసారి దుమ్ముకు సత్రం ఆగి, తనంతట తానే లేచింది. బోర్డు మీద అన్ని గదులకూ పచ్చదీపాలు వెలిగాయి. నేను నమ్మాను. విత్తే రోజులు, నాకు తీరిక లేదు. ఫక్రుద్దీన్ సారు అడిగితే తప్ప మాట్లాడని మనిషి. ఆయన పలకలేదని నాకు తట్టలేదు. నలభయ్యో రోజున ఎవరికో కంట్లో నలుసు పడి పిలిస్తే బదులు రాలేదు. చూద్దును కదా, గది నడుస్తోంది, కాని లోపలికీ బయటికీ ఒక్క తీగ కూడా తగులుకుని లేదు. నలభై రోజులు ఆయన వెలుగూ చప్పుడూ లేకుండా, మెలకువగా, అందులో ఉన్నాడు.

తీసేసరికి ఆయన ఒక్క మాటే అన్నాడు. "సుంకమ్మా, ఉండావా?" ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వారమే సత్రానికి మా ఆచారం నేర్పాను. ప్రతి తొమ్మిది నిమిషాలకూ ప్రతి గదినీ, ప్రతి కార్డునూ తట్టి "ఉండావా?" అనాలి. వాకిట్లో నాపరాయి మీద చెక్కించాను కూడా: పలకరింపు తప్పరాదు. తట్టడం అంటే, ముట్టుకోకని రాసినా సరే, సత్రం ఒక క్షణం ఆ కార్డును చేతిలోకి తీసుకోవడమే. సారు చేతుల్లోంచి చేతులను లాక్కుంటున్నది నా భయమే.


రోహిణి కార్తె, ఎనిమిదో రోజు

చేతుల కార్డు ఒక్కదాన్నే పలకరింపు నుంచి తప్పిస్తే చాలుననుకున్నాను. చాలలేదు. మూడూ నాలుగూ స్లాట్లు లోపల ఒకే కొమ్మకు కాసినవి. కొమ్మ ఊగితే రెండు కాయలూ ఊగుతాయి. రెండూ వేరే కొమ్మలని సత్రానికి అబద్ధం చెప్పి చూశాను. సారు వేలు కదిలిస్తే నా మంచం దగ్గర గంట మోగింది. నేను గంట ఆపితే ఆయన బొటనవేలు ముడుచుకుంది.

నాలుగో స్లాట్‌లో ఉన్నది సారు గంట కార్డే. ఇంకే అతిథికీ లేదు, వాళ్ళ మాటలు సత్రమే మోస్తుంది; సారుకు ఆ దారి మూసి ఇది పెట్టాను. ఆ నలభై రోజుల తర్వాత నేను ప్రత్యేకంగా పెట్టించాను. ఆయన గొంతు, ఆయన చెవి, ఆయన నన్ను పిలిచే గంట మూడూ అందులోనే. మన్నించమని అడగలేక పెట్టిన కార్డు అది.

దారి ఒక్కటే. గంట కార్డు పీకేయాలి. పలకరింపు పట్టీ నుంచి పన్నెండో పేరు తీసేయాలి. అప్పుడు చేతులు, వాటి కటకం పూర్తిగా సారువి. సత్రం ఆయన గదిని కూడా ముట్టుకోదు, నేనూ ముట్టుకోలేను. ఆపరేషన్ మర్నాడు కన్ను చూసుకుని, మళ్ళీ సత్రాన్ని ఆపి లేపేదాకా ఒకటిన్నర రోజు అంతే. చేతుల కార్డు ఒక్కటి చెడిందా, ఆయన మళ్ళీ ఆ చీకట్లోనే.

దాచకుండా ఆయనకంతా చెప్పాను.

"తెరిచిన కన్ను తొమ్మిది నిమిషాల్లో మూసేది నా వల్ల కాదు," అన్నాడు. "నడిమిలో చెయ్యి తీస్తే లోపలిదంతా ఒలికిపోతాది. నువ్వు చెప్పింది సరే. కానీ మళ్ళీ ఆ చీకటంటే నా చేత కాదమ్మా. ఇంకేమన్నా అడుగు. అది అడగొద్దు."

"సరే సార్," అన్నాను. ఆయన్ను బలవంతపెట్టే నోరు నాకెక్కడిది? వెళ్ళి చౌడక్కకు చెప్పాను. ఆమె చాటలో గింజలను వేళ్ళతో తడుముతోంది. తల ఊపి తన పనిలో పడింది.


రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

మధ్యాహ్నం చౌడక్క గోడ పట్టుకుని తనంతట తానే సత్రానికి వచ్చింది. సారుతో మాట్లాడాలంది. స్పీకర్ ముందు పీట వేశాను. నన్ను పొమ్మనలేదు కాబట్టి ఉన్నాను.

"నాకు ఆపరేషన్ వద్దులే సారూ. దానికి రాలేదు నేను," అంది. "నువ్వు నలభై దినాలు చీకట్లో ఉంటివంట గదా. ఎట్ల ఉంటివో చెప్తే నేర్చుకుంటా. ఇంక నాకు ఆ పనే గదా."

ఆ సంగతి ఆయన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"కండ్లు లెక్క పెట్టుకున్నా," అన్నాడు సారు మెల్లగా. "నేను ఆపరేషన్ చేసిన కండ్లు. ఒకటో కన్ను కాడి నుంచి మళ్ళీ చేసుకుంటా పోయినా. పేరు గుర్తుకొస్తే పేరు, లేకుంటే ఊరు. తొమ్మిది వేల చిల్లర వచ్చినాయి."

"బాగుంది. అయితే నేను గింజలు పెట్టుకుంటా," అంది చౌడక్క. "కొర్రల్లో పద్నాలుగు రకాలు. సామలు, ఆరికలు, అండుకొర్రలు. సజ్జల్లో ముండ్లవి, ముండ్లు లేనివి..." వేళ్ళు ముడుస్తూ పోయి ఆగింది. "తొమ్మిది వేలూ అయిపోయినాక ఏం చేస్తివి సారూ?"

"అయిపోయినాకనే కష్టమైంది," అన్నాడు.

చౌడక్క ముడిచిన వేళ్ళు చూసుకుంది, చూడగలిగినంత. "నాకు అన్ని లేవు. అరవై డెబ్బై. బిన్నా అయిపోతాయి."

పలకరింపు దీపం వచ్చింది. సత్రం ఉండావా అని అడిగింది. మామూలుగా ఆయన బదులు దీపం ఆరకముందే వస్తుంది. ఈసారి రెండోసారి అడిగింది. నేను లేచి నిలబడ్డాను.

"ఉండా," అన్నాడు. "గంట పీకెయ్ సుంకమ్మా. మనసు మారకముందే పీకెయ్."


రోహిణి కార్తె, పదో రోజు

తిమ్మప్ప వాకిట్లో అడ్డం నిలబడ్డాడు, చెక్కిన నాపరాయికి ఆనుకుని.

"పలకరింపు తప్పరాదు. రాసుండాది. కనపడతాందా?"

"చెక్కించింది నేనే అప్పా."

"చెక్కించింది నువ్వే. నమ్ముకుని పండుకునేది అందరం. మా నాయన పద్దెనిమిదో గదిలో ఉండాడు. ఈ పొద్దు ఒక పేరు తీస్తే, రేపు పని పడిందని ఆయన పేరు తీయరా?"

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. "సారు తీయమన్నాడు, తీస్తాండా. మీ నాయన తీయమనేదాకా నేను తీయను. నువ్వు చెప్పినా తీయను," అన్నాను.

అయితే సారు నోటివెంటే వింటానన్నాడు. లోపలికి వెళ్ళి స్పీకర్ ముందు పది నిమిషాలు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికొచ్చి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఎర్రమీట కాడ నువ్వే కూచో," అన్నాడు. "ఆయన పలక్కుంటే లాగెయ్. కన్ను పోతే పోయె. మనిషిని మళ్ళా పోగొట్టుకోలేం."

ఎర్రమీట లాగితే పన్నెండో గది ఆగి మళ్ళీ లేస్తుంది, సారు బయటపడతాడు. చేతులు మాత్రం ఎక్కడున్నవక్కడ వదులై పడిపోతాయి. కంట్లో ఉంటే కంట్లోనే.


రోహిణి కార్తె, పన్నెండో రోజు

పొద్దున అతిథులను నిద్రపుచ్చాను. సత్రాన్ని ఆపాను. గంట కార్డు పీకి నా కొంగులో కట్టుకున్నాను. పట్టీలో పన్నెండో పేరు కొట్టేశాను. అంతకుముందు సారుతో చివరి మాట అనుకున్నాం. పని అయితే బల్ల మీద రెండుసార్లు తడతాడు. పని నడుస్తున్నంతసేపూ కటకం చౌడక్క కంటి మీదే ఉంటుంది కాబట్టి, పలక మీద రాసి చూపించినా ఆయనకు కనిపించదు.

సత్రం లేచింది. పచ్చదీపం వెలిగింది. ఆ పచ్చదీపాన్ని నమ్మడం మానేసి పన్నెండేళ్ళయింది. ఉక్కు చేతులు లేచి, ఒకదాన్నొకటి తడుముకుని చూసుకున్నాయి. అప్పుడు నమ్మాను.

చౌడక్కను బల్ల మీద పడుకోబెట్టాం. మత్తు చుక్కలు వేశాను. తిమ్మప్ప తల పట్టుకున్నాడు. నేను మీట దగ్గర కూర్చున్నాను, గడియారం పక్కన.

మూడో నిమిషం, కోత. నేను చూడలేదు. ఐదో నిమిషం, ఎర్రగడ్డ తెరలాంటిదేదో ఒలుస్తున్నాడు, చిరగలేదు. తొమ్మిదో నిమిషం వచ్చింది. దీపం పన్నెండో పేరు దాటి పదమూడుకు పోయింది. చేతులు కదల్లేదు. తిమ్మప్ప, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పన్నెండో నిమిషం, తేనె రంగు బిళ్ళ ఒకటి బయటికి వచ్చింది. చౌడక్కను ఇన్నేళ్ళు ఏడిపించింది ఇంతేనా అనిపించింది.

పద్నాలుగో నిమిషంలో చేతులు ఆగిపోయాయి.

ఇదివరకటిలా వేళ్ళు తెరుచుకోలేదు. ముడిచిన వేళ్ళు ముడిచినట్టే, పనిముట్టు కొన కంటి లోపల, చలనం లేదు. ఐదు సెకండ్లు. పది. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఆనాడూ అలాగే వెలిగింది.

"సుంకమ్మా, మీట," అన్నాడు తిమ్మప్ప.

నా చెయ్యి మీట మీదే ఉంది. ఆనాడు పలకరించక ఆయన్ను చీకట్లో వదిలేశాను. ఈనాడు పలకరిస్తే ఈమె చీకట్లో ఉండిపోతుంది. పదిహేను సెకండ్లు. ఆయన లోపల ఉన్నాడో లేడో తెలుసుకునే దారి ఒక్కటీ లేదు. దారులన్నీ నేనే పీకాను. ఒక్కటే మిగిలింది, ఆయన మీద నమ్మకం. అది ఎంత పలచనిదో నాకు అప్పుడే తెలిసింది.

"మీట లాగు!"

"గమ్మునుండప్పా," అన్నాను.

చేతులు వెంట్రుకవాసి పైకి లేచాయి, అంతే. మరుక్షణం చౌడక్క దగ్గింది. రెండుసార్లు, ఒళ్ళంతా కదిలేలా. దగ్గు ఆగాక, రెప్ప అదరడం ఆగాక, కొన మళ్ళీ తన చోటికి దిగింది. దగ్గు రాకముందే కన్ను బిగుస్తుందట. అది ఆయనకు కనిపించింది. పక్కనే కూర్చున్న మాకు కనిపించలేదు.

ఇరవై మూడో నిమిషంలో అద్దపు బిళ్ళ లోపలికి పోయింది. ఇరవై ఎనిమిదో నిమిషంలో చేతులు పనిముట్లు వరసగా సర్ది, బల్ల మీద రెండుసార్లు తట్టాయి.

తిమ్మప్ప నేల మీద కూలబడ్డాడు. నా చేతిని మీట మీంచి ఇంకో చేత్తో తీయవలసి వచ్చింది.


రోహిణి కార్తె, పదమూడో రోజు

రాత్రి నిద్ర లేదు. పలకరింపు దీపం పదకొండు నుంచి పదమూడుకు దూకుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు వెళ్ళి కటకం ముందు పలక పట్టాను: అంతా బాగుందా సార్? రెండోసారి ఉక్కు వేలు పలకను మెల్లగా పక్కకు నెట్టింది. పోయి పండుకో అని అర్థం.

పొద్దున కట్టు విప్పాం. సారు చేతులే విప్పాయి. కటకం ఆమె కంటి దగ్గరకు వంగి, అటూ ఇటూ చూసి, వెనక్కి తగ్గింది. చౌడక్క రెప్పలు ఆడించింది. ముందు గుహ కప్పు చూసింది. తర్వాత తిమ్మప్పను. తర్వాత నన్ను, చాలాసేపు.

"ఏమే సుంకీ," అంది. "ఇంత ముసిల్దానివైపోయినావు, నాకొక మాటన్నా చెప్పకపోతివే."

నేను నవ్వాను, ఏడ్చాను కూడా. రెండూ ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్ళు చెప్పాలి. ఆమె చాట అడిగింది. పిడికెడు కొర్రలు పోసి, వేలితో అటూ ఇటూ తోసి, మూడు గింజలు ఏరి పక్కన పెట్టింది. ఉక్కు చెయ్యి వచ్చి నాలుగో గింజ ఏరి వాటి పక్కన పెట్టింది.

"అది మంచిదే సారూ. నీకు తెల్దు," అని చౌడక్క దాన్ని తీసి మళ్ళీ చాటలో వేసింది.

ఇక సత్రాన్ని ఆపి, గంట కార్డు తిరిగి పెట్టాలి. కొంగు ముడి విప్పుతుంటే సారు బలపం తీసుకున్నాడు. నాపరాతి బల్ల మీద వంకర లేని అక్షరాలతో రాశాడు. చుక్కల మందు, దినానికి నాలుగుసార్లు. వంగి బరువు ఎత్తకూడదు. గంట పెట్టు, మాట్లాడుకునేదానికి కావాలి. నా పేరు మాత్రం పట్టీలో మళ్ళీ చేర్చొద్దు. తలుచుకున్నప్పుడు నేనే పలకరిస్తా.

బలపం ఆగింది. అంతే అనుకుని తుడిచే గుడ్డ తీశాను. అప్పుడు కింద ఇంకో వరస రాశాడు.

సుంకమ్మా, ఉండావా?

ఆ చీకట్లోంచి తీసిన రోజున ఆయన అడిగిన మొదటి మాట అదే. ఆనాడు సిగ్గుతో నేను బదులు చెప్పలేదు. పరిగెత్తుకుని వెళ్ళి పలకరింపు పట్టీ రాశాను. పన్నెండేళ్ళు తొమ్మిది నిమిషాలకోసారి ఆయన్ను నేను అడిగాను గాని, ఆయన అడిగినదానికి మాత్రం ఇంతవరకూ జవాబివ్వలేదు.

పలక మీద రాసి చూపించవచ్చు. కాని బలపం వెతకలేదు. ఆ ఉక్కు చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కాను. ఆయనకు తగులుతుంది. నడుమ ఎవరూ లేరు.

"ఉండా సార్," అన్నాను.